బొలోన్యా నగరమున మన విద్యార్థిని వారము దినములు

గడచిన జూను మాసమున బడులు తెరచిన మూడవనాడు ఒక తండ్రి మా గదికి వచ్చి, తన కుమారునకు టీ.సీ. ఇప్పింపుడని కోరెను. ఆయనయు ఒకప్పుడు మా పాఠశాలలో చదివినవాడే. కారణమేమని యడుగగా కొంతసేపు తలవంచుకొని నిలిచి, "సారూ, మీ దగ్గర చదువు మంచిగనే ఉన్నది. కాని తెలుగుల చదివినోడు రేపు పరదేశం పోతే నోరు తెరువగలుగుతడా?" అని ప్రశ్నించెను. మేమానాడు ఆయనకు తగిన సమాధానము చెప్పలేకపోతిమి. పత్రముపై సంతకము చేసి యిచ్చితిమి.

ఆ ప్రశ్న మాత్రము మమ్ము విడువలేదు. ఇట్టి సందేహము మన షోలాపురపు తెలుగు కుటుంబములలో పెక్కింటికి కలదని మేమెరుగుదుము. ఇంట తెలుగు, వీథిలో మరాఠీ, సినిమాలో హిందీ, ఉద్యోగమునకు ఇంగ్లీషు. ఇన్ని భాషల నడుమ బిడ్డ చదువునకు ఏ భాష పునాది కావలెనని తల్లిదండ్రులు కలతపడుట సహజము. ఊరక వాదించుటకంటె ఒక దృష్టాంతమును చూపుట మేలని తలచితిమి. మా పాఠశాలలో పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమమున చదివి, నేడు ఇటలీ దేశమందలి బొలోన్యా విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రమున పైచదువు చదువుచున్న పూర్వవిద్యార్థిని ఒకతె కలదు. "నీ వారము దినములు ఎట్లు గడచుచున్నవో దాచక వ్రాయుము" అని ఆమెకు జాబు వ్రాసితిమి. నవంబరు మాసమందలి ఒక వారమును గూర్చి ఆమె పదునొకండు పుటల యుత్తరమును తెలుగులోనే వ్రాసి పంపినది. దానిని ఆధారముగ గొని అచ్చటి చదువు తీరును ఇచ్చట వివరించుచున్నాము. ఆమె కోరికపై పేరు ప్రకటింపలేదు. తండ్రి అద్దకపు కార్ఖానాలో పనివాడు, తల్లి బీడీలు చుట్టును. అంతమాత్రము చెప్పిన చాలును. అట్టి యిండ్లు మనలో ఎన్నియో కలవు.

ఆ విద్యాలయము పుట్టుక

బొలోన్యా ఉత్తర ఇటలీలోని పురాతన నగరము. అచ్చటి విశ్వవిద్యాలయము 1088వ సంవత్సరమున ఏర్పడినదని సంప్రదాయము. ఐరోపాలో దానికంటె ప్రాచీనమైన విశ్వవిద్యాలయము లేదని చెప్పుదురు. అది ఏ రాజో కట్టించి యిచ్చినది కాదు. ధర్మశాస్త్రము నేర్చుకొనుటకై దూరదేశములనుండి వచ్చిన విద్యార్థులు తమలో తాము కూడి ఏర్పరచుకొన్నది. ఆ కాలమున పరదేశి బ్రతుకు మిక్కిలి దుర్భరము. ఒకడు అప్పు ఎగవేసి పోయిన, వాని దేశమువాడు మరియొకడు కనబడినచో వానిని పట్టి ఆ యప్పు రాబట్టుచుండెడివారు. 12వ శతాబ్ది మధ్యకాలమున ఫ్రెడరిక్ బార్బరోస్సా చక్రవర్తి విద్యార్థులకు ఈ బాధ లేకుండ శాసనము చేసెను. విద్యార్థులును దేశమునకొక కూటమిగా ఏర్పడిరి. ఆ కూటములకు 'నాత్సియోనే' యని పేరు. తమ పెద్దను తామే యెన్నుకొనిరి. గురువులకు తామే జీతములిచ్చిరి. ఆలస్యముగా వచ్చిన గురువునకు జుల్మానా వేయుటకు సయితము నిబంధనలు వ్రాసుకొనిరి. ఉపాధ్యాయులమగు మాకు ఈ మాట కొంచెము చేదుగ నున్నను, చరిత్రను మార్చలేము గదా!

ఇల్లు విడిచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన మన పెద్దలు, తమ బిడ్డలకై చందాలు వేసికొని ఈ పాఠశాలను నిలిపిరి. బొలోన్యా చరిత్ర చదివినప్పుడు మాకు ఆ పెద్దలే జ్ఞప్తికి వచ్చిరి.

ఆడుబిడ్డల తల్లిదండ్రులకు మరియొక మాట. లౌరా బాస్సీ యను వనిత 1732వ సంవత్సరమున, ఇరువదియేండ్ల ప్రాయముననే, ఈ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, అచ్చటనే శాస్త్రమును బోధించుటకు నియమింపబడెను.

చదువునకు కొలత

వారపు వృత్తాంతమునకు ముందు అచ్చటి చదువును కొలుచు పద్ధతిని తెలిసికొనవలయును. దాని కొలమానము 'క్రెడిట్'. ఒక క్రెడిట్ అనగా విద్యార్థి చేయవలసిన 25 గంటల శ్రమ. తరగతిలో వినునది, ప్రయోగశాలలో చేయునది, ఇంట చదువుకొనునది యన్నియు ఆ 25 గంటలలో చేరును. సంవత్సరమునకు 60 క్రెడిట్లు, అనగా 1500 గంటలు. దానిని 40 వారములకు పంచినచో వారమునకు 37 గంటల 30 నిమిషములగును. మొదటి పట్టమునకు మూడేండ్లు, 180 క్రెడిట్లు. పైపట్టమునకు రెండేండ్లు, 120 క్రెడిట్లు. ఈ గంటలలో అధికభాగమును ఎవరును కాపలాకాయరు. అదియే అచ్చటి స్వేచ్ఛ, అదియే అచ్చటి ప్రమాదము.

సోమవారము

మరి ముగ్గురు బాలికలతో కలిసి అద్దెకున్న యింటినుండి ఎనిమిది గంటలకు బయలుదేరును. బొలోన్యా వీథుల కిరుప్రక్కల కమానులతో కూడిన నీడబాటలు కలవు. అవి మొత్తము 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో వానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను. నవంబరు మంచులోను వానలోను గొడుగు లేకయే చాలదూరము నడువవచ్చునట. ఆమె చదువు విభాగము నగరమునకు ఉత్తరమున 'నవీలే' యను పాత కాలువ పేరు గల పేటలో నున్నది. తొమ్మిది గంటల తరగతి తొమ్మిదింబావుకు మొదలగుట అచ్చటి పాత యాచారము. ఉదయము రెండు గంటలు, అపరాహ్ణము రెండు గంటలు పాఠములు. బోధన ఇంగ్లీషున జరుగును. నడుమ 'మెన్సా' యను విద్యార్థి భోజనశాలలో పాస్తా, చిక్కుడుగింజలు, ఆకుకూర. "మొదటి నెల కారము కొరకు ఏడ్చితిని; ఇప్పుడు సంచిలో పచ్చడి సీసా పెట్టుకొని పోవుచున్నాను" అని వ్రాసినది.

పెక్కు తరగతులలో హాజరు పిలువరు. ఇంటిపని యిచ్చి మరునాడు దిద్దువారు లేరు. మొదటి సంవత్సరమున రెండు వారములు పాఠములు వాయిదా వేసినందుకు రెండు నెలలు నిద్ర కాచవలసివచ్చినదని ఆమె యొప్పుకొన్నది. కావున ఇప్పుడు ఏనాటి పాఠమును ఆనాటి రాత్రియే గ్రంథాలయమున చదివి ముగించుచున్నది.

మంగళవారము

ఈ దినమంతయు ప్రయోగశాల. ఇచ్చట హాజరు తప్పనిసరి. తెల్లని కోటు, కండ్లకు అద్దములు ధరింపక లోనికి రానీయరు. ఆనాడు ఆమె తూకము తప్పుగా నమోదుచేసి, రెండు గంటల పని మరల మొదటినుండి చేయవలసివచ్చినది. తప్పు అంకెను రబ్బరుతో చెరిపివేయబోగా పర్యవేక్షకుడు వారించెనట. తప్పుపై ఒక గీత మాత్రము గీచి, ప్రక్కన సరియైన అంకెను వ్రాసి, తేదీ వేయవలెను. తప్పు కూడ చదువుటకు వీలుగ నుండవలెను. అదియే అచ్చటి నియమము. ఇది చదివి మేము కొంత సిగ్గుపడితిమి. కొట్టివేతలున్న నోటుపుస్తకములను విసరివేసిన దినములు మా యుద్యోగమున లేకపోలేదు.

బుధవారము

పరదేశి విద్యార్థి ఇటలీలో దిగిన 8 పనిదినములలోపల నివాసానుమతికై దరఖాస్తు పెట్టుకొనవలెను. దరఖాస్తును తపాలా కార్యాలయము ద్వారా పంపుదురు. తరువాత పోలీసువారు పిలిచిన దినమున పోయి వేలిముద్రలు వేయవలెను. గడువు తీరినపుడు మరల ఇదే తతంగము. మొదటి యేట ఆమె చీటీ సంఖ్య 77. ఇటాలియనున 67ను 'సెస్సాంతాసెత్తె' యనియు, 77ను 'సెత్తాంతాసెత్తె' యనియు అందురు. తన సంఖ్యను పిలిచినప్పుడు 67 అనుకొని కూర్చుండిపోయినది, దినమంతయు వ్యర్థమైనది. "తరగతి ఇంగ్లీషున జరిగినను ఊరు ఇటాలియనున నడచునని ఆనాడు తెలిసినది" అని వ్రాసినది. ఈ యేడు అనుమతిని పొడిగించుకొనుటకు పోయి, మూడు గంటలు వేచి, పిలుపును సరిగ విని పని ముగించుకొని వచ్చినది.

ఆ సాయంకాలము విశ్వవిద్యాలయపు భాషాకేంద్రమున ఇటాలియను తరగతి. ఇచ్చట ఒక ముచ్చట కలదు. మన తెలుగును ప్రాచ్యదేశపు ఇటాలియనని పాశ్చాత్యులు కొనియాడిరి. రెండు భాషలందును మాటలు చాలవరకు అచ్చులతో ముగియుటయే అందులకు కారణము. అంతకంటె ఉపయోగకరమైన పోలిక ద్విత్వము. మనకు 'గడి' వేరు, 'గడ్డి' వేరు. ఇటాలియనున 'పాలా' యన్న పార, 'పాల్లా' యన్న బంతి. 'నోనో' యన్న తొమ్మిదవది, 'నొన్నో' యన్న తాత. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు ఈ భేదమును పలుకుటకు తంటాలు పడుచుండగా మన బాలిక మొదటి దినముననే స్పష్టముగ పలికినది. "ఎచ్చట నేర్చితివి?" అని అధ్యాపకురాలు అడుగగా, "మా యమ్మ దగ్గర" అని బదులు చెప్పినదట.

గురువారము

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాము. ఇటలీలో పెక్కు పరీక్షలు మౌఖికములు. విద్యార్థి ఆచార్యుని యెదుట కూర్చుండి అడిగిన ప్రశ్నలకు నోటితో సమాధానము చెప్పవలెను. పరీక్ష బహిరంగముగ జరుగును. తోడి విద్యార్థులు కూర్చుండి వినవచ్చును. మార్కులు 30కి వేయుదురు. ఉత్తీర్ణతకు 18 రావలెను. ఒక పర్యాయము తప్పినవారు తరువాతి పిలుపునకు మరల పోవచ్చును. ఈ పిలుపునకు 'అప్పెల్లో' యని పేరు.

మొదటి సంవత్సరము జనవరిలో ఆమె తొలి మౌఖిక పరీక్షకు పోయినది. పాఠమంతయు ఇంగ్లీషు వాక్యములతో కంఠస్థము చేసినది. ఆచార్యుడు ఒక పదార్థము మరియొక పదార్థపు ఉపరితలమున ఎట్లు పట్టుకొనునని యడిగెను. ఆమె గడగడ అప్పగించినది. ఆయన శాంతముగ విని, "బాగున్నది, ఇప్పుడు నీ మాటలతో చెప్పుము" అనెను. ఆమెకు నోరు పెగలలేదు. "సారూ, పుస్తకపు మాటలన్నియు ఉండెను; నా మాటలే లేకపోయెను" అని ఆమె వ్రాసిన వాక్యము మా గుండెకు తగిలినది. ఆచార్యుడు తరువాతి పిలుపునకు రమ్మని పంపివేసెను.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి తల్లితో చెప్పుకొని ఏడ్చినది. తల్లి బడికి పోయి చదివినది కాదు. "ఏమడిగిండ్రో నాకు చెప్పరాదే బిడ్డా" అని యడిగినది. బాలిక ఏదో చెప్పబోగా, "అట్ల కాదు, నాకు తెలిసెటట్టు చెప్పు. మీ నాయిన రంగుల సోడా ఎందుకేస్తడు? సోడా తక్కువైతే మొదటి ఉతుకుకే రంగు ఎందుకు పోతది?" అని ప్రశ్నించినది. బాలికకు మెరుపు మెరసినట్లయినది. సోడా కలిపిన నీటియందు క్షారగుణము పెరుగును. దానిచే నూలుదారములోని సెల్యులోజు రంగుతో కలియుటకు సిద్ధమగును. అప్పుడు రంగు దారమును పైపైన అంటుకొని యుండక రసాయనబంధముచే దారములో భాగమైపోవును. సోడా చాలనిచో ఆ బంధము సరిగ ఏర్పడదు. పైపైన నిలిచిన రంగు ఉతుకులో పోవును. ఆమె ఇదంతయు తెలుగున, తల్లికి తెలియు మాటలలో, అరగంటసేపు చెప్పినది. తల్లి "ఇప్పుడు సమజైంది" అన్నప్పుడు తనకును అప్పుడే అర్థమైనదని గ్రహించినది.

నాటినుండి ప్రతి గురువారము సాయంకాలము అయిదు గంటలకు ఆమె ఇంటికి ఫోను చేయును. అది మనకు రాత్రి తొమ్మిదిన్నర. తల్లి ఆనాటి బీడీల లెక్క ముగించుకొని కూర్చుండు వేళ. ఆ వారపు పాఠమును తల్లికి తెలుగున చెప్పును. తల్లి అడ్డుప్రశ్నలు వేయును. తరువాత దానినే ఇంగ్లీషున వ్రాసికొనును. ఫిబ్రవరి పిలుపునకు పోయినప్పుడు ఆచార్యుడు మరల అదే ప్రశ్న వేసెను. ఆమె అద్దకపు తొట్టినుండి ఆరంభించి సమాధానము చెప్పినది. 30కి 27 వచ్చినవి.

శుక్రవారము

ఈ దినమున మధ్యాహ్నము వరకు పాఠములు, పిదప మూడు గంటలు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున విద్యార్థులకిచ్చు చిన్న కొలువు. చదువుకొనుటకై నివాసానుమతి పొందినవారు వారమునకు 20 గంటలకు మించకుండ పని చేయుటకు చట్టము అనుమతించును. సాయంకాలము తోడి విద్యార్థులతో కూర్చుండి ఒకరినొకరు ప్రశ్నించుకొని గట్టిగ సమాధానములు చెప్పుకొందురు. మౌఖిక పరీక్షకు అదియే సాధన.

శనివారము

బట్టలుతుకుట, అంగడి, వంట. ఆమెతో ఆ యింట నుండు బాలికలలో ఒకతె ఇటలీ పౌరురాలేయైనను మాతృభాష జర్మను. ఆమెది ఉత్తరపు కొండలలోని బొల్జానో ప్రాంతము. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఆ జర్మను ప్రాంతము ఇటలీలో చేరినది. 1923 తరువాత ముస్సోలినీ ప్రభుత్వము అచ్చటి బడులలో జర్మను బోధనను తొలగించెను. అప్పుడు తల్లిదండ్రులును యువతులైన ఉపాధ్యాయినులును ఇండ్లలో, కొట్టములలో రహస్యముగ బడులు నడపిరి. భూగర్భములో దాగినవని వానికి 'కాటకోంబు బడులు' అని పేరు వచ్చినది. దొరికినవారికి శిక్షలు పడినవి. ఆ బాలిక ముత్తవ్వ అక్షరములు దిద్దినది అట్టి యొక వంటయింటిలోనేనట. 1972 నాటి స్వయంపాలన శాసనమువలన నేడు అచ్చట జర్మను బిడ్డలు మాతృభాషలో, ఆ భాష తమదిగా గల ఉపాధ్యాయులయొద్దనే చదువుదురు; రెండవ భాషగా ఇటాలియనును తప్పక నేర్తురు.

ఆ బాలిక మన బాలికను, "మీ తెలుగు బడిని మూయుమని ఎవరైన నిర్బంధించుచున్నారా?" అని యడిగినదట. "లేదు, మావారే పిల్లలను మాన్పించుచున్నారు" అని చెప్పుటకు తనకు మనసు రాలేదని ఆమె వ్రాసినది. మన రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమికవిద్యను మాతృభాషలో నేర్పు సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. వారు శిక్షలకోర్చి కాపాడుకొన్నది మనకు శిక్ష లేకయే లభించినది.

ఆదివారము

ఉదయము పొద్దెక్కువరకు నిద్ర. తరువాత నవీలే కాలువయొడ్డున పాత యిటుకల బట్టీలో నెలకొల్పిన పరిశ్రమల ప్రదర్శనశాలకు పోయినది. బొలోన్యా ఒకప్పుడు పట్టునకు ప్రసిద్ధి. కాలువల నీటితో తిరుగు యంత్రములపై పట్టుదారమును పురివెట్టి, సన్నని మేలిముసుగుల బట్టను నేసి దేశదేశములకు పంపెడివారు. ఆ నీటిమిల్లు నమూనాను అచ్చట చూడవచ్చును. మగ్గముల చప్పుడులో పుట్టిపెరిగిన బిడ్డ గదా! "దారము తెగకుండ పురి ఎట్లు పడుచున్నదో ప్రక్కనున్నవారికి నేనే చెప్పితిని" అని సంతోషముతో వ్రాసినది. రాత్రి ఎనిమిదింటికి సోమవారపు పాఠము తెరచినది.

తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

ఇటలీ ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో రుసుము కుటుంబపు ఆర్థికస్థితినిబట్టి నిర్ణయింపబడును. తక్కువ ఆదాయము గలవారికి ప్రాంతీయ ప్రభుత్వముల విద్యార్థివేతనములు కలవు. వానికై ఆదాయపత్రములను ఇటాలియనులోనికి అనువదింపించి, విధ్యుక్తముగ ధ్రువపరపించి పంపవలెను. నియమిత గడువులోపల నియమిత క్రెడిట్లు సంపాదింపనిచో ఆ వేతనము నిలువదు. బొలోన్యాలో చదువుకంటె గది దొరకుట కష్టము, అద్దెలు హెచ్చు. కావున వసతి సంగతి ముందుగ విచారింపక బయలుదేరరాదు. ప్రవేశమునకు ముందటి నమోదు 'యూనివర్సితాలీ' యను ప్రభుత్వ వేదికద్వారా జరుగును. వీసాకై మనవారు ముంబయిలోని ఇటలీ కాన్సులేటునకు దరఖాస్తు పెట్టుకొందురు. ఇవి అందరికిని తెరచియున్న మార్గములు. వీనికొరకు దళారులకు వేలకొలది రూపాయలు ధారపోయనక్కరలేదు.

మా మాట

తెలుగున చదివినంతమాత్రమున సర్వము సిద్ధించునని మేము చెప్పుట లేదు. ఆ బాలిక కాలేజీలో చేరిన మొదటి రెండేండ్లు ఇంగ్లీషుతో చాల శ్రమపడినది. ఆ శ్రమలో మా లోపము కొంత కలదు. ఇంగ్లీషును మరింత శ్రద్ధతో నేర్పియుండవలసినది. దానికంటె పెద్ద లోపము వేరొకటి. ఆమె జనవరి పరీక్షలో తప్పుటకు కారణము తెలుగు కాదు, కంఠస్థము. ఆ యలవాటును ఆమెకు నేర్పినవారిలో మేమును ఉన్నాము. తెలుగు మాధ్యమమని పేరు పెట్టుకొని, బిడ్డచేత తన తెలుగున రెండు వాక్యములైన చెప్పింపక పుస్తకములోని తెలుగును అప్పగింపించితిమి. ఆ లోపమును చక్కదిద్దినది అక్షరమురాని తల్లి.

అందుచేత ఈ సంవత్సరమునుండి అయిదవ తరగతి మొదలు ప్రతి శనివారము ఒక గంట మౌఖిక పరీక్ష పెట్ట నిశ్చయించితిమి. పుస్తకము మూసి, బిడ్డ తన మాటలతో పాఠమును చెప్పవలెను, తోటివారు ప్రశ్నింపవలెను. మొదట తెలుగున, పిదప అదే విషయమును ఇంగ్లీషున చెప్పించెదము. తల్లిదండ్రులకు మా ప్రార్థన యొక్కటే. రాత్రి భోజనమైన పిదప బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఇయ్యాల బడిల ఏం చెప్పిండ్రు, నాకు తెలిసెటట్టు చెప్పు" అని యడుగుడు. మీకు చదువు రాదని సంకోచింపవలదు. మీకు తెలియునట్లు చెప్పగలిగిన బిడ్డ ఎవరికైనను చెప్పగలుగును.

టీ.సీ. తీసికొనిపోయిన ఆ సోదరునకు ఈ సంచికను మేమే స్వయముగ తీసికొనిపోయి యిచ్చెదము. ఆయన ప్రశ్నకు ఆనాడు చెప్పలేని సమాధానము ఇది. తెలుగున చదివినవాడు పరదేశమున నోరు తెరువగలడు. అయితే ఆ నోరును మనము ముందు ఇచ్చటనే, మన యింట, మన బడిలో తెరువనీయవలయును.